నాన్నగారి క్యాసెట్లు ఇల్లంతా వినిపించాలంటే

ప్రశ్న: మాది విజయనగరం. మా నాన్నగారు వయొలిన్ పాఠాలు చెప్పేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన దాచిన క్యాసెట్లు 400 దాకా ఉన్నాయి. రేడియోలో వచ్చిన కచేరీలు, సభల్లో తనే రికార్డు చేసుకున్నవి, శిష్యులకు చెప్పిన పాఠాలు. ఇవి కాక 350 సీడీలు (కొన్ని ఇంట్లో రైట్ చేసుకున్నవి), నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో 40 జీబీ ఎంపీ3 పాటలు. అన్నీ ఒకచోట పెట్టి హాల్లో పాత ఆంప్లిఫయర్ మీద, ఫోన్లలో, డల్లాస్‌లో మా అమ్మాయి ఇంట్లో వినాలని కోరిక. షాపులో నాలుగు డిస్కులు పట్టే నాస్ అనే పెట్టె కొనమన్నారు. అందులో రెయిడ్ ఉంటుంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదన్నారు. నిజమేనా? అన్నీ ఎక్కించాక నాన్నగారి టేప్ డెక్ అమ్మేయొచ్చా? ఈ మధ్య నా హార్డ్ డిస్కు టిక్ టిక్ మని చప్పుడు చేస్తోంది, అదొక టెన్షన్. — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటే అన్నిటికంటే ముందు చూడాల్సింది. హార్డ్ డిస్కు టిక్ టిక్ మంటోందంటే లోపల చదివే హెడ్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటుంటే ఈ ఉత్తరం చదవడం ఆపి, మళ్లీ ఎక్కడా దొరకని వాటిని ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. సినిమా పాటలు తర్వాత. డీఫ్రాగ్, డిస్క్ చెక్ లాంటివి దాని మీద నడపొద్దు, ఆ శ్రమకే అది పూర్తిగా పోవచ్చు. కంప్యూటర్ దాన్ని గుర్తించడం మానేస్తే పదేపదే తగిలించి చూడకండి. అందులో విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

ఇక షాపువాళ్ల మాట. రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదన్నది తప్పు. రెయిడ్ 1 అంటే రెండు డిస్కుల మీద ఒకే సమాచారం ఒకేసారి రాయడం. ఒక డిస్కు చెడిపోతే రెండోది పని నడిపిస్తుంది, అంతవరకే దాని ఉపయోగం. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేసినా, పిడుగు పడి పెట్టె కాలినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. మా మేనమామ హార్మోనియం వాయిస్తూ పాడిన నాటక పద్యాలు రెండు గంటల రికార్డింగు ఉండేది. డూప్లికేట్లు ఏరేస్తున్నాననుకుని ఆ ఫోల్డరే తీసేశాను. డిస్కులు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి, పద్యాలు మాత్రం లేవు. అసలు క్యాసెట్ అప్పటికే పారేశాం. ఆయన గొంతు ఇప్పుడు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాలుగు డిస్కుల పెట్టె మీకు అక్కర్లేదు. లెక్క చూడండి. సీడీలో ఉన్నది ఉన్నట్టు, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా ఫ్లాక్ ఫార్మాట్‌లోకి తీస్తే ఒక్కో సీడీ 300 నుంచి 400 ఎంబీ అవుతుంది. 350 సీడీలకు 125 జీబీ అనుకోండి. క్యాసెట్లు ఒక్కోటి సగటున గంటంపావు అనుకుంటే మొత్తం 500 గంటలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే గంటకు ఒక జీబీ కాస్త దాటుతుంది, ఫ్లాక్ చేశాక ఇంకా తగ్గుతుంది. ఎంత ధారాళంగా వేసుకున్నా 500 జీబీ. మీ ఎంపీ3లూ కలిపితే మొత్తం ఒక టీబీ లోపే. రెండు డిస్కులు పట్టే నాస్, అందులో రెండేసి టీబీల డిస్కులు రెండు చాలు. నాలుగేసి టీబీలవి దాదాపు అదే ధరకు వస్తే అవే తీసుకోండి. మిగిలిన డబ్బుతో బ్యాకప్ కోసం విడిగా ఇంకో రెండు డిస్కులు కొనండి. మీ బడ్జెట్‌లో ముఖ్యమైన ఖర్చు అదే.

నాస్ అంటే సొంతంగా నడిచే ఒక చిన్న కంప్యూటర్. అందులో డిస్కులుంటాయి, రౌటర్‌కు ఒక కేబుల్‌తో కలుస్తుంది, ఇంట్లో ఏ ఫోనైనా టీవీ అయినా దాని నుంచి పాట తెచ్చుకోవచ్చు. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల రెడీమేడ్ పెట్టెలున్నాయి. రాస్బెర్రీ పై అనే చిన్న బోర్డుకు డిస్కు తగిలించి తక్కువ ఖర్చులో కూడా చేసుకోవచ్చు. నాకు రాస్బెర్రీ పై అంటే ఇష్టమే. కానీ మీకు రెడీమేడ్ పెట్టే మంచిది. డిస్కు పాడవుతున్నప్పుడు అది మెయిల్ పంపి హెచ్చరిస్తుంది, తీసి మార్చడం స్క్రూడ్రైవర్ పట్టుకోగలిగే ఎవరికైనా వస్తుంది. కొనేముందు రెండు సంగతులు అడగండి. ఆ మోడల్‌లో డాకర్ (బయటి సాఫ్ట్‌వేర్‌ను పెట్టెలో నడిపించే ఏర్పాటు) నడుస్తుందా? చవక మోడళ్లలో కొన్నిటికి ఆ వీలుండదు. స్నాప్‌షాట్ సౌకర్యం ఉందా? ఉంటే పొరపాటున తీసేసిన ఫోల్డర్‌ను నిన్నటి స్థితి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో అది ఉండి ఉంటే మేనమామ పద్యాలు దక్కేవి.

డిస్కుల్లో ఎస్ఎంఆర్, సీఎంఆర్ అని రెండు రకాలు. ఎస్ఎంఆర్‌లో ట్రాకులను పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కించి రాస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ కదపాలి కదా, ఇదీ అంతే. రెయిడ్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు సమాచారమంతా తిరిగి రాసే పని చాలా నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. సీఎంఆర్‌లో ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అందుకే నాస్ కోసమని అమ్మే సీఎంఆర్ డిస్కులే అడిగి తీసుకోండి. మీరు ఎంచుకున్న పెట్టె ఏ డిస్కులను ఒప్పుకుంటుందో కంపెనీ ఇచ్చే పట్టికలో చూశాకే డబ్బు కట్టండి.

కరెంటు గురించి భయపడక్కర్లేదు. ఇలాంటి పెట్టె 20 వాట్ల దగ్గర తీసుకుంటుంది, రాత్రింబగళ్లు నడిచినా నెలకు 15 యూనిట్లు. భయపడాల్సింది కరెంటు హఠాత్తుగా పోవడానికి. డిస్కు మీద రాస్తుండగా పోతే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారే ఆ కాస్త వ్యవధికే నాస్ ఆగిపోవచ్చు. యూఎస్‌బీ వైరున్న చిన్న యూపీఎస్ కొంటే ఇంకా మేలు. బ్యాటరీ అయిపోవస్తోందని అది నాస్‌కు చెబుతుంది, నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. పెట్టెను మూసిన అల్మరాలో పెట్టొద్దు, వేడెక్కుతుంది. స్పీకర్ల పక్కనా వద్దు, డిస్కుల గుర్రుమనే శబ్దం తానం వినేటప్పుడు చికాకు పెడుతుంది. రౌటర్ ఉన్న గదిలో, గాలి ఆడే చోట ఉంచండి.

నెట్‌వర్క్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఫ్లాక్ పాటకు సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లు చాలు, మీ వైఫై దాన్ని తేలిగ్గా మోస్తుంది. పాత ఇల్లయి గోడలు మందంగా ఉండి హాల్లోకి సిగ్నల్ రాకపోతే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి.

ఇప్పుడు అసలు పని, క్యాసెట్లు. 500 గంటల టేపును ఎక్కించడానికి 500 గంటలే పడుతుంది, తొందరగా చేసే దారి లేదు. రోజుకు ఒక క్యాసెట్ చొప్పున ఏడాది దాటుతుంది. అందుకే ఏది ముందు అన్నది తేల్చుకోవాలి. మొదట నాన్నగారు శిష్యులకు చెప్పిన పాఠాలు, సభల్లో తను చేసిన రికార్డింగులు. ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి అవే. తర్వాత ఇంట్లో రైట్ చేసుకున్న సీడీలు. వాటిలోని రంగు పొర కాలంతో చెడిపోతుంది, ఇరవై ఏళ్ల నాటివి కొన్ని మొండికేస్తాయి. ఆపైన రేడియో కచేరీలు. కంపెనీ సీడీలు ఆఖర్న. అవి పోయినా ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి.

మీది సముద్రానికి దగ్గరి ఊరు, గాలిలో తేమ ఎక్కువ. ప్రతి క్యాసెట్‌నూ వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచున తెల్లటి బూజు కనబడితే దాన్ని మంచి డెక్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. వాటిని వేరే డబ్బాలో పెట్టి, ఆఖర్న, ముక్కుకు మాస్కు కట్టుకుని చూడాలి. బాగున్న వాటిని కూడా ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి రివైండ్ చేయండి. ఏళ్లతరబడి బిగిసిన చుట్ట వదులవుతుంది. టేపు వెనకుండే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం పూడుకుపోతుంది. స్క్రూలున్న మంచి క్యాసెట్ డొల్లలోకి టేపు చుట్టలు మార్చడం కష్టమేమీ కాదు.

డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో నాలుగైదు క్యాసెట్లకోసారి తుడవండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, దాని పేరు అజిమత్. టేపుకు హెడ్ ఎంత నిటారుగా నిలబడిందో దాన్నిబట్టి హెచ్చు స్వరాల స్పష్టత ఉంటుంది. రికార్డు చేసిన డెక్, ఇప్పుడు వినిపిస్తున్న డెక్ ఒకే కోణంలో లేకపోతే వయొలిన్ గొంతుకు గుడ్డ కప్పినట్టుంటుంది. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. పాట నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పితే ఒక్కసారిగా తెర తొలగినట్టు వినిపిస్తుంది. మీకు భయంగా ఉంటే పాత టేప్ రికార్డర్లు బాగుచేసే మెకానిక్ చేత చేయించండి. కానీ చేయించండి. తర్వాత కంప్యూటర్‌లో ఏ ఫిల్టర్ వేసినా ఆ పోయిన గమకం తిరిగి రాదు.

డెక్ వెనక లైన్ అవుట్ నుంచి ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కడినుంచి కంప్యూటర్‌లోకి కలపండి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టొద్దు. చవకగా దొరికే, వాక్‌మన్‌లా ఉండే కన్వర్టర్ బొమ్మలూ వద్దు, వాటిలో టేపు వేగమే నిలకడగా ఉండదు, శ్రుతి ఊగుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. గట్టి శబ్దాలు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. బుస్సుమనే శబ్దం తీసేయాలని ఆత్రపడొద్దు. అసలు రికార్డింగు ఉన్నది ఉన్నట్టు ఉంచి, శుభ్రం చేసినదాన్ని వేరే ఫైలుగా పెట్టుకోండి. బుస తీసే సాఫ్ట్‌వేర్ తంబురా నాదాన్నీ తోడుగా తీసుకుపోతుంది, నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను.

సీడీలకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అది తీసిన ఫైలును ఇతరులు అదే సీడీ నుంచి తీసినదాంతో పోల్చి సరిగా వచ్చిందో లేదో చెబుతుంది. చిన్న కంపెనీల కర్ణాటక సంగీతం సీడీలు ఆ పట్టికలో ఉండకపోవచ్చు. అప్పుడు రెండుసార్లు తీసి పోల్చే ఆప్షన్ పెట్టండి. ఎంపీ3లోకి మాత్రం తీయొద్దు. ఎంపీ3 ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి ఖాళీ చేరుతుంది. రాగాలాపన ఒక ట్రాక్‌గా, తానం ఇంకో ట్రాక్‌గా ఉన్న సీడీలో ఆ సందు దగ్గర పాట తడబడుతుంది.

తర్వాత పేర్లు. నాస్ కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే అలసిపోయి 'ట్రాక్ 01', 'సైడ్ ఏ' అని వదిలేస్తారు. ఐదేళ్ల తర్వాత ఆ పెట్టెలో ఏముందో వాళ్లకే తెలియదు. తాళ్లపాక వారి రాగిరేకుల మీద స్వరాలు లేవు, కానీ సంకీర్తనకు రాగం పేరు చెక్కారు. ఆ వరుసలు పోయినా, రాగం పేరు ఆధారంగా ఉండబట్టి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి వారు కొత్తగా వరుసలు కట్టగలిగారు. మీ నాన్నగారి క్యాసెట్ అట్ట మీద ఆయన చేతిరాతలో తేదీ, సభ పేరు, పక్కవాద్యం వాళ్ల పేర్లు ఉంటాయి. ఆ అట్టను ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. టైపు చేయడానికి ఇవాళ ఓపిక లేకపోయినా ఫొటో మాత్రం తప్పకుండా తీయండి.

టైపు చేసేటప్పుడు ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి, పేరు అలా ఉన్నా ఫ్లాక్‌కూ పనిచేస్తుంది. ఆర్టిస్ట్ గడిలో పాడినవారు లేదా వాయించినవారు, కంపోజర్ గడిలో వాగ్గేయకారుడు, పాట పేరు పక్కనే రాగం, తాళం. పేరు తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా రాయండి. డల్లాస్‌లో మీ మనవలు వెతికేది ఆ అక్షరాలతోనే. ఒకసారి ఎంచుకున్న స్పెల్లింగ్ మార్చొద్దు, త్యాగరాజు పేరే మూడు రకాలుగా రాస్తే ముగ్గురు త్యాగరాజులు కనబడతారు. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతోనే ఉంచండి, పాత కారు స్టీరియోలు కొన్ని తెలుగును చూపలేవు. ట్రాక్ నంబరు మరిచిపోకండి. ఘనరాగ పంచరత్నాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే వరుసలో పాడతారు. నంబరు లేకపోతే, రాగం పేర్లతో మొదలైన ఫైళ్లను సాఫ్ట్‌వేర్ అక్షరక్రమంలో పేర్చి ఆరభితో మొదలుపెట్టి నాటను మధ్యలో పడేస్తుంది. మీ ఇంట్లో ఉదయాన్నే అలా వినిపిస్తే నాన్నగారి శిష్యులు ఒప్పుకోరు.

వినడానికి రెండు ఏర్పాట్లు కావాలి. ఫోన్లకు, డల్లాస్‌కు నాస్‌లోని పాటలు వినిపించే నావిడ్రోమ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టించండి. ఉచితం, తేలిక, మీ ఫైళ్లను ముట్టుకోదు, చదువుతుంది అంతే. రేపు వేరే కంపెనీ పెట్టె కొన్నా అక్కడికీ వస్తుంది. డాకర్‌లో పెట్టడం తెలిసిన కుర్రవాడికి గంట పని. హాల్లో ఆంప్లిఫయర్‌కు నెట్‌వర్క్ నుంచి పాట తెచ్చే ఒక చిన్న స్ట్రీమర్ కొని, ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అనే రంధ్రంలో గుచ్చండి. నాస్‌తో వచ్చే మీడియా సర్వర్ నుంచి డీఎల్ఎన్ఏ పద్ధతిలో అది పాటలు తీసుకుంటుంది. కొనేముందు గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (ట్రాకుల మధ్య సందు లేకుండా వినిపించడం) ఉందా అని అడగండి, పల్లవులు వినేవాళ్లకు అది తప్పనిసరి. బ్లూటూత్ ఎంత సులువైనా హాల్లో వద్దు, అది పాటను మళ్లీ కుదించి పంపుతుంది.

అమ్మాయికి వినిపించడానికి రౌటర్‌లో పోర్టు తెరవమని, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నాస్‌కు నేరుగా దారి ఇవ్వమని ఎవరైనా చెబితే వినకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న వేలాది నాస్ పెట్టెల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. పైగా మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒకే బయటి అడ్రసును ఎందరో ఇళ్లవాళ్లు పంచుకుంటారు, పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్‌ను నాస్‌లో, అమ్మాయి ఫోన్‌లో పెడితే ఆ రెండిటి మధ్య గుప్తంగా ఒక దారి ఏర్పడుతుంది. ఇంట్లో వాడకానికి ఉచితం. అక్కడ రాత్రి ఎనిమిదైతే మీకు ఉదయం ఆరున్నరో ఏడున్నరో అవుతుంది. ఆ సమయంలో మీ రౌటర్, నాస్ రెండూ ఆన్‌లో ఉండాలి, అందుకే రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ మీద పెట్టించండి. ఒక జాగ్రత్త: ఇదంతా మీ కుటుంబం వినడానికే. సొంత వినియోగానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తోంది. రేడియో కచేరీలను యూట్యూబ్‌లో పెట్టడం దాని కిందికి రాదు.

బ్యాకప్‌కు వస్తాను. విడిగా కొన్న డిస్కుల్లో ఒకదాన్ని నెలకోసారి నాస్‌కు తగిలించి, కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్‌కు అదీ దొరుకుతుంది. రెండోదాన్ని నింపి అమ్మాయి వచ్చినప్పుడు డల్లాస్ పంపండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ జిల్లాలో ఇళ్లు ఎలా తడిశాయో మీరు చూసే ఉంటారు. ఆ రోజున ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా లాభం లేదు. బీరువాలోది తీసినప్పుడల్లా అందులోంచి ఏదో ఒక పాట తెరిచి రెండు నిమిషాలు వినండి. కాపీ అయిందని తెరమీద రావడం వేరు, పాట వినిపించడం వేరు.

ఇక టేప్ డెక్. అమ్మకండి. 400 క్యాసెట్లు పూర్తయ్యేదాకా అదే మీకు ఆధారం, పైగా నాన్నగారు వీటిలో చాలావాటిని దాంట్లోనే రికార్డు చేసి ఉంటే అజిమత్ దానికే సరిపోతుంది. మూడేళ్లుగా వాడకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉండొచ్చు. మొదటి క్యాసెట్ పెట్టేముందే బెల్టు మార్పించి, మీకు పెద్దగా అవసరం లేని ఒక సినిమా క్యాసెట్ రెండు వైపులా ఆడించి చూడండి. టేపు నలగకుండా బయటికి వస్తే, ఆ మర్నాడు పాఠాల క్యాసెట్లతో మొదలుపెట్టండి.